సాయిలును ఫోన్ గుర్తుపట్టని రోజు

మా ఎల్లారెడ్డి లైబ్రరీలో యాత్రల బీరువా దాదాపు అంతా చదివాను. కాశీకి పోయినవాళ్లు రాశారు, లండన్ పోయినవాళ్లు రాశారు. పట్నంలో ఇంటింటికీ అన్నం పొట్లాలు చేరవేయడానికి మా ఊళ్లో బస్సెక్కే పిల్లల గురించి మాత్రం ఎవరూ రాయలేదు. రేపు అదే దారిన పోయేవాళ్లకు పనికొస్తుందని ఈ ఒక్కరోజు ప్రయాణం రాసిపెడుతున్నాను.

పొద్దున ఏడున్నరకు కామారెడ్డి బస్సు. నేను అక్కడి పెద్ద లైబ్రరీకి, మా పక్కింటి సాయిలు హైదరాబాద్ రైలుకి. డెలివరీ పనికి తిరిగి పోతున్నాడు. కూతురి పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చి, మొక్కు ప్రకారం తానూ గుండు చేయించుకున్నాడు. మీసం కూడా పోయింది.

లింగంపేట దాటాక ఫోన్ తెరిచాడు. పనిలోకి దిగేముందు దానికి ముఖం చూపించాలి, కంపెనీ దగ్గరున్న పాత ఫొటోతో అది కలవాలి. రెండుసార్లు చూపించాడు. కలవలేదు.

"మూడోసారి తప్పితే కంపెనీ ఐడీ బందైతది కాకా," అన్నాడు. "మళ్ల దుబాయే దిక్కు. బిడ్డ నడిచేది గూడ ఫోన్లనే సూడాలె."

తలనీలాల ఆచారం గురించి నేను చాలా చదివాను. చెప్పబోతుంటే వెనక సీట్లోంచి నాగిరెడ్డిపేట లచ్చవ్వ అడ్డుపడింది.

"ముచ్చట్లు తర్వాత జెప్పు గని, ముందుగాల పిలగానికి మీసం పెట్టుండ్రి."

కండక్టర్ సునీత సంచీలోంచి కాటుక తీసిచ్చింది. బస్సు కుదుపుల్లో లచ్చవ్వ మీసం దిద్దింది. ఒక కొస చెవిదాకా పోయింది. నెత్తికి నా నల్ల మఫ్లర్ చుట్టాం. మూడోసారి ముఖం చూపించాడు. ఫోన్ ఒప్పుకోలేదు. ఐడీ బందయింది. లచ్చవ్వ కొంగుతో అతని మూతి తుడిచి, "నేనే చెడగొడితి బిడ్డా," అంది.

తొమ్మిదింటికి కామారెడ్డిలో దిగి, స్టేషన్ బయట హోటల్లో చాయ్ చెప్పాం. పక్కనే డెలివరీ సంచులతో కొందరు నిలబడి ఉన్నారు. మద్నూర్ నుంచి వచ్చి ఇక్కడ పనిచేసే పాండురంగ్ సాయిలును చూసి అడిగాడు.

"మొక్కా?"

"మొక్కే."

"నాకూ గిట్లనే అయింది. కాటుక గిట్ల పెట్టలే గదా?"

సాయిలు తల వంచుకున్నాడు. మూతి మీద ఇంకా నలుపు ఉంది.

పాండురంగ్ నవ్వాపుకొని పక్కన కూర్చున్నాడు. "గుండు ముందటి ఫొటో, తర్వాతి ఫొటో, ఆధార్ తోటి కంపెనీకి పంపు. రెండు ఫొటోల్ల బిడ్డ నీ సంకల ఉండాలె. గామెనే సాక్షి." ఈలోగా తన ఫోన్లో ఆర్డర్ వస్తే పాండురంగ్ వదిలేశాడు. "ఆకలైనోనికి ఇంకొకడు తెస్తడు తియ్."

సాయిలు తన ఫోన్లోంచి అలాంటి రెండు ఫొటోలు వెతికి పంపాడు. కంపెనీ జవాబు రాకముందే రైలు వచ్చింది.

"ఎక్కాల్నా కాకా?"

"ఎక్కు," అన్నాను. ఏ పుస్తకం చూసి చెప్పానో నాకే తెలియదు.

లైబ్రరీలో ఒక్క పేజీ కూడా తలకెక్కలేదు. సాయంత్రం నాలుగింటికి నేను తిరుగు బస్సెక్కితే, ఆస్పత్రిలో తన కూతుర్ని చూసుకొని లచ్చవ్వ కూడా ఎక్కింది. లింగంపేట దగ్గర నా ఫోన్ మోగింది. సాయిలు.

"ఐడీ మళ్ల చాలూ అయింది కాకా! గుండు ఫొటోనే పెట్టుకున్నరు."

లచ్చవ్వ ఫోన్ గుంజుకుంది. "మరి జుట్టు పెరిగితె ఎట్లరా?"

"ఇంకో మొక్కు మొక్కుత అవ్వా!"

"ఒట్టి మొక్కెందుకు, ఇంకో బిడ్డను కను!"

పట్నం పోయే మా పిల్లలు ఒంటరివాళ్లని ఇన్నాళ్లూ అనుకున్నాను. స్టేషన్ బయట చాయ్ తాగేచోట వాళ్లకు వాళ్లున్నారు.

కాటుకిచ్చిన సునీతకు, మీసం దిద్దిన లచ్చవ్వకు, ఆర్డర్ వదులుకున్న పాండురంగ్‌కు నా కృతజ్ఞతలు. రెండు ఫొటోల్లోనూ తండ్రి చెవి పట్టుకొని, ఇతను మా నాన్నేనని సాక్ష్యం చెప్పిన చిన్నారి అఖిలకు కూడా.