పాలు లేని రొట్టెలు

నేను తిరుపతికి కోడలిగా వచ్చిన మొదటి రోజు, అందరికీ నెయ్యి వడ్డిస్తూ మా అత్త విస్తరి దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు అమ్మణ్ణీ. పాలు, పెరుగు, నెయ్యి, ఏదీ ముట్టను."

ఏదో జబ్బేమో అనుకున్నాను. పెరుమాళ్ళకు పాలతో తిరుమంజనం చేసి అభిషేకించే ఇల్లు అది. పొంగలిలో నెయ్యి తేలకపోతే ముఖం చిట్లించే మనుషులు. అలాంటి ఇంట్లో పెద్దావిడ మజ్జిగ కూడా తాగదంటే నాకు వింతగా ఉండింది.

కారణం కొన్నాళ్ళకు ఆమే చెప్పింది. మామ ఉన్నప్పుడు వాళ్ళు చంద్రగిరిలో కాపురం ఉండేవాళ్ళు. ఇంట్లో ఒక ఆవు. ఈనిన పది రోజులకు దూడ చచ్చిపోయింది. దూడ లేనిదే ఆవు పాలు చేపదని, పిండే మనిషి ఆ దూడ తోలులోనే గడ్డి కూరి, కుట్టి తెచ్చి ఆవు ముందర నిలబెట్టాడు.

"అది దాన్ని నాకతా ఉండాది, వాడు పిండతా ఉండాడు. నేను చెంబు పట్టుకోని పక్కనే నిలబడుండాను. ఆ పొద్దుతో సరి" అంది అత్త. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. మమ్మల్నెవరినీ మానమనలేదు కూడా. మా కాఫీలకు పాలు తనే కాచి ఇచ్చేది.

మామ పోయాక ఆమె రాత్రిపూట అన్నం మానేసింది. మా ఇళ్ళలో అది కట్టుబాటు. గోధుమ తింటే కడుపు ఉబ్బరం. అందుకని రోజూ రాగి రొట్టే. పళ్ళు సగం ఊడిపోయాయి. రొట్టెను పప్పుచారులో నానబెట్టుకుని, చాలాసేపు అలాగే కూర్చుని తినేది.

పక్క వాటాలో వ్యవసాయ పాఠాలు చెప్పే మేష్టరు ఒకాయన ఉండేవాడు. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని అత్త రొట్టె తిప్పలు విని, "మెక్సికో అని ఒక దేశం ఉందమ్మా. అక్కడ మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, తొక్క తీసి, రుబ్బి రొట్టెలు చేస్తారంట. పాలూ వద్దు, నెయ్యీ వద్దు, దూదిలాగుంటాయంట. తోర్తియ్యా అంటారు" అన్నాడు.

"తొట్టియ్యనా? ఏం పేరప్పా అది!" అని అత్త నవ్వింది. కానీ మరునాడు పొద్దున్నే నన్ను పిలిచి, "అమ్మణ్ణీ, చేసి సూద్దామా?" అని అడిగింది. ఏదీ కావాలని అడగని మనిషి.

తాంబూలంలోకి వాడే సున్నమే వేశాము. మొదటిసారి ఎక్కువై నాలుక పొక్కింది. రెండోసారి తక్కువై తొక్క ఊడలేదు. మూడోసారి గింజలు పసుపు రంగు తిరిగి, నీళ్ళలో నలిపితే తొక్క పొరలు పొరలుగా లేచి వచ్చింది. నాలుగైదు నీళ్ళు కడిగి, రోట్లో వేసి రుబ్బి, అరిటాకు మీద తట్టి పెనం మీద వేస్తే పొంగింది. అత్త చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి మూడు రొట్టెలు, ఏమీ నంచుకోకుండా తిన్నది.

ఆ జూన్‌లో నాకు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. అయిదు గంటలకు ఇల్లు చేరి, మళ్ళీ గంటసేపు రుబ్బాలంటే చేతులు పడిపోయేవి. ఒకరోజు సున్నంలో ఉడికించకుండా ఊరికే మిషనులో పట్టించిన మొక్కజొన్న పిండి తెచ్చి వేడినీళ్ళతో కలిపాను. తడుతుంటేనే పగుళ్ళిచ్చి ముక్కలైపోయింది. పక్కన కాఫీకి కాచిన పాలున్నాయి. గరిటెడు పోశాను. పిండి మెత్తగా ముద్దకు వచ్చింది. చేసేటప్పుడు పెద్దగా ఆలోచించలేదు, ఈ ఒక్కరోజుకే కదా అనుకున్నాను.

అత్త ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఈ పొద్దు ఇంకా మెత్తగా ఉండాయే! ఏం చేసినావు?" అంది.

"ఎక్కువసేపు రుబ్బినానత్తా" అన్నాను.

ఆ అబద్ధం తర్వాత వెనక్కి పోలేకపోయాను. మరునాడు పాలు లేకుండా చేస్తే తేడా తెలిసిపోతుందని భయం. అలా దసరా దాకా నడిచింది. ఆమె ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది: "మా కోడలు బడి నుంచి వచ్చి నాకోసరం రుబ్బతాది. సేతులు సూడండి, ఎట్లా కాయలు కాసినాయో." నా చేతులకు కాయలేమీ లేవు. చేతులు కొంగు కింద దాచుకునేదాన్ని. వాళ్ళు అది నా మొహమాటం అనుకునేవాళ్ళు.

ఒక సాయంత్రం నేను పిండిలో పాలు పోస్తుండగా ఆమె మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చింది. గిన్నె నా చేతిలోనే ఉంది. దాచే వ్యవధి లేదు. ఆమె గిన్నెను చూసింది, పిండిని చూసింది. నా ముఖం మాత్రం చూడలేదు. చెంబులో నీళ్ళు ముంచుకుని వెళ్ళిపోయింది.

కాసేపటికి బయటి నుంచే, "నాకు ఈ రాత్రికి ఒక అరటిపండు సాలు" అంది.

తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. తిట్టలేదు. వారం రోజులు అరటిపండే తిన్నది. ఆ ఆదివారం నేను గింజలు నానబెట్టి, సున్నం వేసి ఉడకబెట్టి, పద్ధతిగా రుబ్బి, రెండు రొట్టెలు చేసి ఆమె ముందు పెట్టాను. "అత్తా, ఇందులో..." అని మొదలుపెట్టాను.

"తెలుసులే" అంది. తిన్నది. కానీ మరుసటి రోజు నుంచి నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె మోకాళ్ళ నొప్పితోనే రోలు దగ్గర కూర్చుని రుబ్బుతుండేది. నేను పొత్రం పట్టుకోబోతే, "నువ్వు అలిసిపోయి వచ్చినావు, పో, కాఫీ తాగిపో" అనేది. మాటలో కోపం లేదు. నన్ను నమ్మడం మాత్రం మానేసింది.

మూడేళ్ళ తర్వాత ఆమె మంచం పట్టింది. ఒంట్లో సత్తువ బొత్తిగా లేదు, పాలు పట్టించమన్నాడు డాక్టరు. ఇంటికి రాగానే మా ఆయన నన్ను పక్కకు పిలిచి, "రాగి గంజిలో కలిపేయ్. అమ్మకి యాడ తెలస్తాది?" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆమె కన్నకొడుక్కు కూడా నా సంగతి చెప్పలేదని.

"నేను కలపలేను" అన్నాను.

"మందు తేనెలో పెట్టి ఇయ్యమా? ఇదీ అంతే."

ఉన్నదంతా చెప్పేశాను. ఆయన "అయితే అడుగుదాం పద" అన్నాడు.

మంచం పక్కన కూర్చుని అడిగాము. డాక్టరు చెప్పింది చెప్పినట్టే చెప్పాను. అత్త కళ్ళు మూసుకునే విన్నది.

"వద్దులేరా. ఇన్నేండ్లు లేకనే బతికినా కదా" అంది.

నలభై రోజులైనా ఉండలేదు. పదమూడో రోజున వడ్డిస్తుంటే మా ఆడబిడ్డ పక్కావిడతో నాకు వినపడేట్టే అన్నది: "సెప్పకుండా గుక్కెడు పాలు పట్టింటే ఇంకో రెండేండ్లు ఉండేది. మొండితనం ఆమెది, సేసేవాళ్ళకైనా తెలివి ఉండద్దా?"

నేను పప్పు వడ్డించుకుంటూ ముందుకు పోయాను. కాదని చెప్పే ధైర్యం లేదు. నిజమేనేమో అని ఆ రోజూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. ఆమె హాయిగా ఉన్న రోజుల్లో, నా చేతినొప్పి కోసం పాలు కలిపాను. ప్రాణం మీదికి వచ్చిన రోజున కలపలేదు.

కొన్ని నెలల తర్వాత మేష్టరు భార్య వచ్చి, "ఆ మెక్సికో రొట్టెలు నాకూ నేర్పమ్మా, మా ఆయన అడగతా ఉండాడు" అంది.

మొక్కజొన్న దొరకడం లేదని చెప్పాను. ఆ వారం సంతలో గుట్టలుగా పోసి అమ్ముతున్నారు.