మంజీర అవతలి ట్రాలీ

దేవయ్య చెరుకు ట్రాలీలు చేసేవాడు. బోధన్ నుంచి సాలూర పోయే రోడ్డు పక్కన అతని రేకుల షెడ్డు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇవతలి రైతులు చెరుకు మాని వరికి మళ్లారు. ట్రాలీ అడిగేవాళ్లు లేకుండా పోయారు. మంజీర వంతెన దాటితే బిలోలి వైపు ఊళ్లలో చెరుకు ఇంకా ఉంది. షెడ్డు ఆ రైతుల మీదే బతికింది.

అవతల అంటే దేవయ్యకు పరాయి చోటు కాదు. భార్య ఎస్తర్ పుట్టిల్లు అక్కడే. కూరగాయల సంతకు అటు పోతారు, పెళ్లిళ్లకు అటువాళ్లు ఇటు వస్తారు. బేరం సగం మరాఠీలో, సగం తెలుగులో సాగుతుంది. నది మీద రాష్ట్రం మారుతుందన్న సంగతి ఓట్లప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు.

జీఎస్టీ నంబరు తీసుకునే రోజున, నిజామాబాద్‌లో పన్నుల కాగితాలు చూసే శివకుమార్ అతనికి రెండు పద్ధతులు చెప్పాడు. మామూలు పద్ధతిలో నెలనెలా లెక్క చూపాలి, ఇనుము కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయించుకోవచ్చు. కాంపొజిషన్ అనే రెండో పద్ధతిలో అమ్మకం మీద ఒక శాతం కట్టి, ఏడాదికో రిటర్ను వేస్తే చాలు. కానీ ఆ మినహాయింపు ఉండదు, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు.

"వేరే రాష్ట్రానికి ఏమన్న పోతదా దేవన్నా?"

"నా ట్రాలీ నిజామాబాదే సూడలే సారూ. ఇగ రాష్ట్రం దాటుతదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. శివకుమార్ కాంపొజిషన్ ఫారం నింపాడు. దేవయ్య అబద్ధమాడలేదు. అత్తగారి ఊరు వేరే రాష్ట్రమని అతనికి తట్టనే లేదు.

కొన్నేళ్లు అలాగే గడిచాయి. ఒక ఏడాది చెరుకు కోతల ముందు బిలోలి వైపు నుంచి ఆత్మారాం అనే రైతు కొత్త ట్రాలీ కోసం వచ్చాడు.

"కోతకు కూలోళ్లు దిగిన్రు దేవన్నా. నువ్వింక రంగులేస్తున్నవా? పెండ్లికూతురా అది?"

"ఎండకు తుప్పువడితే నన్నే తిడ్తవు గద. ఆగు."

రంగు ఆరాక దేవయ్య బిల్లు రాసిచ్చి, ట్రాక్టరు మీద తానూ కూర్చున్నాడు. వంతెనకు ఇవతలే పన్నుల శాఖ జీపు ఆపింది. అధికారి బిల్లు మీద కాంపొజిషన్ అన్న మాట చూసి, ట్రాలీ ఎక్కడికని అడిగాడు. తనను దొంగ అనుకుంటున్నారని దేవయ్యకు తోచింది.

"బిలోలి దిక్కు సారూ. గిదొక్కటేనా, అవతల ఎవరి చేన్ల సూసినా నా ట్రాలీయే."

ఆత్మారాం అతని మోచేయి గిల్లాడు. దేవయ్య ఆగలేదు.

"బిల్లు లేకుంట బోల్టు గూడ అమ్మ నేను. అన్నిటికీ రాసిచ్చిన."

"అన్నీ ఇదే పద్ధతిలోనా?" అన్నాడు అధికారి.

"అన్నీ గిట్లనే."

ట్రాలీ అక్కడే ఆగిపోయింది. ఆత్మారాం వేరేవాళ్ల ట్రాలీ కిరాయికి తెచ్చుకున్నాడు. షెడ్డుకు నోటీసు వచ్చింది.

శివకుమార్ నోటీసు చివరిదాకా చదివాడు.

"బిలోలి ఏ రాష్ట్రం దేవన్నా?"

"ఎస్తర్ వాళ్ల దిక్కు సారూ."

"మహారాష్ట్ర. అవతల అమ్మిన నాటి నుంచి కాంపొజిషన్ చెల్లదు. అప్పటి నుంచి అసలు రేటు పన్ను, మీద జరిమాన. ఇనుము బిల్లులు తే, మినహాయింపు అడిగి సూద్దాం."

"లేవు సారూ. గీ పద్ధతిల ఇనుము లెక్క అక్కర లేదంటిరి గద."

"మినహాయింపు రాదని చెప్పిన. బిల్లులు పారెయ్యమన్ననా?"

ఆ బిల్లులు ఏనాడో నీళ్ల పొయ్యిలో కాలిపోయాయి.

ఇంట్లో ఎస్తర్ అంతా విని, "రేపు మా తమ్ముని ఇంటికి పోతే నన్ను గూడ జీపుల ఎక్కిస్తరా?" అంది. అతను నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు.

అప్పీలు చేసినా నిలవలేదు. వెల్డింగ్ మిషన్లు, డ్రిల్లు, చివరికి షెడ్డు రేకులు కూడా అమ్మి కట్టాడు.

"ఇగ మామూలు పద్ధతికి మారు," అన్నాడు శివకుమార్. "అవతల ధైర్యంగ అమ్ముకోవచ్చు. నెలనెలా కాగితాలు నేను సూస్త."

"దేంతోని చేసి అమ్మాలె సారూ?"

శివకుమార్ కంప్యూటరు వైపు తిరిగి రిజిస్ట్రేషన్ రద్దు చేసే ఫారం తెరిచాడు. కారణం అన్నచోట, ఉన్నవాటిలోంచి వ్యాపారం మూసివేత అన్నది ఎంచాడు.

"దొంగతనం చెయ్యలేదని గూడ రాయున్రి సారూ. తెల్వక చేసిండని."

"గది రాసే జాగ లేదన్నా."

దేవయ్య ఫోను మోగింది. రద్దుకు వచ్చిన ఓటీపీ అంకెలు చదవమన్నాడు శివకుమార్. దేవయ్య ఫోను దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, ఒక్కొక్కటే చదివాడు.