ఎరుపు లేని పెళ్ళి బీరువా

జీ రున్‌షియన్ చేతికి పాత కుర్చీ ఇస్తే ముందు కుర్చీని చూడదు, తెచ్చినవాళ్ళని చూస్తుంది. "ఈ కాలికి మేకు కొట్టిన మహానుభావుడెవరు? బతికే ఉన్నాడా? ఉంటే ఒకసారి పంపించండి, మాట్లాడాలి" అంటుంది. ఆ పూట తెచ్చినవాళ్ళకి మొహం చెల్లదు. తర్వాత కుర్చీని తలకిందులు చేసి, పసిపిల్లకి నలుగు పెట్టే తల్లిలా కాళ్ళ మీద వేసుకుని, ఏ గాడిలో కుసి వదులైందో, ఏ పలక ఎండకి ముడుచుకుందో వేలితో తడిమి తెలుసుకుంటుంది. ఆ నోటికి భయపడి మానేసినవాళ్ళు ఫెన్ నది ఒడ్డున ఉన్న మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఆ చేతుల కోసం నోటిని భరించినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది.

పాత సామాను బాగుచేసే ఈ పని ఆమెకు పుట్టింటి నుంచి రాలేదు. మామగారు బీజింగ్‌లో నేర్చుకుని వచ్చారు. కొడుక్కి నేర్పాలని చూస్తే అతను బొగ్గు లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలింది కొత్త కోడలు. చేపల గాలితిత్తులు నానబెట్టి రోట్లో వేసి దంచితే జిగురు అవుతుంది. ఆ దంపుడు మగవాళ్ళకే భుజాలు పడిపోయే పని. రున్‌షియన్ మాత్రం అత్తగారి మీద కోపమంతా రోటి మీద చూపించేది. అంత మెత్తటి జిగురు తాను బీజింగ్‌లో కూడా చూడలేదని మామగారు మురిసిపోయి, ఒక్కొక్క పనీ చేతిలో పెట్టారు. చివరికి పనిముట్లన్నీ ఆమెకే ఇచ్చి కన్నుమూశారు.

ఊళ్ళో రంగులు వేసేవాళ్ళకి కొదవ లేదు. రున్‌షియన్ ఇంట్లో మాత్రం రంగు డబ్బా అనేదే ఉండదు. పాత రంగును ఉక్కు రేకుతో పొర పొరగా గీకుతుంది. నది గట్టున కణుపులు కణుపులుగా పెరిగే గరుకు గడ్డిని తడిపి, దానితో రుద్ది నునుపు చేస్తుంది. ఆ తర్వాత తేనె మైనం కరిగించి పూసి, కణకణలాడే బొగ్గుల బుట్టను కర్రకు దగ్గరగా పట్టుకుని మెల్లగా నడిపిస్తుంది. వేడికి కర్ర మైనాన్ని తాగుతుంది. తాగలేక మిగిల్చినదాన్ని కొమ్ము బద్దతో గీకేసి, నారగుడ్డతో చెయ్యి వేడెక్కేదాకా తోముతుంది. అంతే. అప్పుడు చూడాలి ఆ కర్రని. లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. ఇది చూసి కూడా రంగు వేయించుకునేవాళ్ళంటే నాకూ కోపమే.

ఆ ఏడు శరత్కాలంలో నూలు మిల్లులో పనిచేసే చియావ్‌లింగ్ ఒక బీరువాను తోపుడు బండి మీద తోసుకుంటూ వచ్చింది. అమ్మానాన్న లేని పిల్ల. పెంచిన నాయనమ్మ కిందటి చలికాలం పోయింది. ఆవిడ మిగిల్చిన ఆస్తి ఆ ఎల్మ్ కర్ర బీరువా ఒక్కటే. ఎవరో ఎప్పుడో దానికి గోధుమ రంగు వేశారు, ఆ పైన ఇంకెవరో పచ్చ రంగు వేశారు. ఒక తలుపు ఊడి వేలాడుతోంది.

"పిన్నీ, వచ్చే నెల నా పెళ్ళి. నాతోపాటు వాళ్ళింటికి వెళ్ళేది ఇదొక్కటే. కాస్త మనుషుల్లో పడేలా చేసిపెట్టవూ?"

"దీనికి పచ్చ రంగు వేసిందెవరే? మన వీధి చివరి పచ్చ తపాలా పెట్టె అనుకున్నారా?" అంది రున్‌షియన్. కానీ అమ్మాయి కళ్ళు చూసి వెంటనే నోరు మూసుకుంది. అది చాలా అరుదుగా జరిగే సంగతి.

గీకుతూ పోతే ఆ రెండు రంగుల కింద నుంచి ఎంత అందమైన కర్ర బయటపడిందో! కొండల వెనక కొండలున్నట్టు తలుపుల నిండా చారలు. ఒక్క మేకు లేదు. ఎవరో ఓపిక ఉన్న వడ్రంగి ప్రాణం పెట్టి చేసిన బీరువా అది. రున్‌షియన్‌కి ఒళ్ళు పొంగిపోయింది. ఆ పొంగులోనే తప్పు చేసింది.

మా వైపు పెళ్ళి సామానుకు ఎరుపే శుభం, రంగులేని తెల్లకర్ర ఇంట్లోకి రాదు. రంగుకు కూడా గతిలేనివాళ్ళ శవపెట్టె ఒక్కటే తెల్లకర్రతో ఇల్లు దాటుతుంది. అందుకే మామగారు ఒకమాట పదేపదే చెప్పేవారు, మైనం తాగేవరకు సామానును సొంతదారుల కంట పడనివ్వకూడదని. "పుట్టిన బిడ్డను తుడవకుండా తెచ్చి చూపిస్తారా?" అనేవారు. రున్‌షియన్ ఆ మాటను ఎన్నడూ దాటలేదు. ఆ రోజు మాత్రం ఆ చారలు నలుగురూ చూడాలనిపించి, బీరువాను వాకిట్లో ఎండలో నిలబెట్టి, సందులోవాళ్ళని కేకేసి పిలిచింది.

సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు తల్లి వచ్చింది. ఆవిడ పేరు హోవ్ మాయ్‌షియాంగ్. వెనిగర్ బట్టీలో ముప్పాతిక జీవితం గడిపిన మనిషి. ఆవిడ వస్తుంటే ముందు పుల్లటి వాసన వస్తుంది, తర్వాత గొంతు వస్తుంది, ఆఖర్న మనిషి వస్తుంది. కోడలి సామాను ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని వచ్చి, వాకిట్లో పాలిపోయిన తెల్లకర్రను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రున్‌షియన్! ఇది పెళ్ళి బీరువానా, శవపెట్టె తలుపులా? మా ఇంట్లో ఎవరు పోతారని తయారుచేస్తున్నావు?"

సందులోవాళ్ళు గతుక్కుమన్నారు. ఒకరిద్దరు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నారు.

"వదినా, ఇంకా అయిపోలేదు. మైనం పట్టించాక చూడు..."

"మైనమూ వద్దు, మట్టీ వద్దు. ఎర్ర రంగు వెయ్యి. ఎర్రగా ఉంటే లోపలికొస్తుంది. లేకపోతే గుమ్మం బయటే ఉంటుంది. ఆ పైన నీ ఇష్టం!" అని, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తప్పు తనదని రున్‌షియన్‌కి తెలుసు. మైనం పట్టాక చూసి ఉంటే ఆవిడ నోట ఆ మాట వచ్చేది కాదేమో. ఇప్పుడు ఏం చేసినా ఆవిడ కంటికి శవపెట్టే కనిపిస్తుంది. పోనీ అని రంగు వేద్దామంటే, ఆ చారల మీద ఎర్ర రంగు పూయడం రున్‌షియన్‌కి చెయ్యి రాని పని. వేయకపోతే తల్లీ తండ్రీ లేని పిల్ల, నాయనమ్మ బీరువా వీధిలో వదిలేసి అత్తింట్లో అడుగుపెట్టాలి.

మూతి బిగించుకుని పని కానిచ్చింది. తలుపు కుసులకు చేప జిగురు పెట్టి బిగించింది. మైనం కరిగించింది. బొగ్గుల బుట్ట పట్టుకుని అంగుళం అంగుళం నడిపించింది. కర్ర తేనె రంగు తిరిగి, తర్వాత వేయించిన గోధుమల రంగుకు వచ్చింది. చియావ్‌లింగ్ మిల్లు నుంచి వచ్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్నాక అంది: "పిన్నీ, రంగు వేసెయ్. ఆవిడతో గొడవతో కాపురం మొదలుపెట్టలేను."

"నువ్వు ఊరుకో. ఇది నాకూ ఆవిడకీ సంబంధించిన సంగతి" అని కసిరింది రున్‌షియన్.

పెళ్ళి దగ్గరపడ్డాక మాయ్‌షియాంగ్ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో ఎర్ర రంగు డబ్బా, కుంచె ఉన్నాయి.

"నువ్వు వేస్తావా, నన్ను వెయ్యమంటావా?"

రున్‌షియన్ బీరువాకు అడ్డంగా నిలబడింది. "వదినా, ఎందుకంత ఎరుపు పిచ్చి నీకు? కళ్ళు పెట్టి చూడు, ఇంత అందమైన కర్ర మన ఊళ్ళో ఇంకొకటి లేదు."

"కర్ర సంగతి నీకు తెలుసు. మా సందులో ఆడవాళ్ళ సంగతి నాకు తెలుసు" అంది మాయ్‌షియాంగ్. గొంతు ఎందుకో ఒక్కసారిగా తగ్గింది. "తిండి లేని ఏడు నా పెళ్ళి. మా నాన్న ఒక పెట్టె చేసిచ్చాడు. రంగు కొనడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. తెల్లకర్ర పెట్టెతో వచ్చాను. గుమ్మంలోనే ఒకామె దాని మూత తట్టి, లోపల మీ తాతని పెట్టి తెచ్చావా అని అడిగింది. అందరూ నవ్వారు. నా కొడుకు పుట్టేదాకా నన్ను పెట్టె కోడలనే పిలిచారు. అప్పుడు నాకు అమ్మ ఉంది, వెళ్ళి ఏడ్చుకున్నాను. ఈ పిల్లకి ఎవరున్నారు? వాళ్ళు నోరు తెరిస్తే ఎవరి ఒళ్ళో తల పెట్టుకుంటుంది?"

ఇన్నాళ్ళూ రున్‌షియన్ గయ్యాళి అనుకున్న మనిషి తన కోడలికి ఎండ తగలకుండా గొడుగు పట్టాలని చూస్తోందన్నమాట. తను చూసింది కర్రనే. ఆ కర్ర వెనక వెళ్ళబోయే పిల్లని ఆవిడ చూసింది. రున్‌షియన్‌కి సిగ్గేసింది. అడ్డు తప్పుకుంది.

"సరే వదినా, వేస్తాను. కానీ మైనం తాగిన కర్ర మీద రంగు నిలవదు. ముందు సోడా నీళ్ళతో కడిగి మైనం తీసెయ్యాలి. ఎక్కడెక్కడ గట్టిగా పట్టిందో అరచేత్తో రాసి చూడు. నేను నీళ్ళు కాస్తాను."

ఆమె నీళ్ళు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి మాయ్‌షియాంగ్ రెండు చేతులూ బీరువా తలుపు మీద పెట్టి నిలబడి ఉంది. వెనిగర్‌లో నాని పగిలిన చేతులు. అవి చారల మీద మెల్లగా పైకీ కిందకీ తిరుగుతున్నాయి.

"ఇది వెచ్చగా ఉందేమిటి?"

"నీ చేతి వెచ్చదనమే. కర్ర ఉంచుకుంటుంది."

"మా నాన్న పెట్టె కూడా ఎల్మ్ కర్రే" అంది మాయ్‌షియాంగ్, తిరిగి చూడకుండా. "కొడుకు పుట్టిన ఏడు బట్టీ గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు తెచ్చి దానికి పూసేశాను. అది ఎలా ఉండేదో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు."

పొయ్యి మీద నీళ్ళు మరిగి పొంగాయి. ఇద్దరూ కదల్లేదు. చివరికి మాయ్‌షియాంగ్ రంగు డబ్బా తీసుకుని, వేస్తాననీ అనకుండా, వద్దనీ అనకుండా వెళ్ళిపోయింది. రున్‌షియన్ నీళ్ళు పారబోసింది కానీ ఆ పెళ్ళి దాకా సరిగా తినలేదు, పడుకోలేదు.

పెళ్ళిరోజు రున్‌షియన్ బీరువా బండి వెనకే నడిచి వెళ్ళింది. చియావ్‌లింగ్ ఎర్ర జాకెట్‌లో ముందు కూర్చుంది, పాలిపోయి ఉంది. టపాకాయలు పేలాయి. బండి గుమ్మం ముందు ఆగింది. సందులో ఆడవాళ్ళు గుంపుగా చేరారు. అనుకున్నట్టే ఒక లావుపాటి ఆవిడ ముందుకొచ్చి, తలుపు మీద తట్టి, "ఇదేమిటమ్మా, ఎరుపేదీ? మళ్ళీ మీ ఇంటికి తెల్లకర్రేనా?" అంది.

మాయ్‌షియాంగ్ గుమ్మంలోంచి గబగబా దిగొచ్చింది.

"చెయ్యి తియ్యవే, జిడ్డు అంటుతుంది! తట్టడం కాదు, నిమిరి చూడు. నిమిరావా? మీ ఇంట్లో ఉందా ఇలాంటిది? ఎర్ర రంగు కింద ప్యాకింగ్ చెక్క పెట్టుకుని బతికే మొహాలూ మీరూనూ! ఇది మా కోడలి నాయనమ్మది. జాగ్రత్తగా పట్టండర్రా, మూల తగిలిందంటే ఊరుకోను!"

బీరువా లోపలికి వెళ్ళింది. చియావ్‌లింగ్ బండి దిగుతూ అత్తగారి చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. రున్‌షియన్ గోడవారగా నిలబడి, ఎవరూ చూడకుండా కొంగులాంటి మెడగుడ్డతో ముక్కు తుడుచుకుంది. నోరున్న మనిషంటే ఏమిటో తనకు ఇప్పుడు తెలిసిందని తర్వాత అందరికీ చెప్పింది.

విందులో నూడుల్స్ తిని ఇంటికి బయల్దేరుతుంటే మాయ్‌షియాంగ్ ఆమెను ఆపింది. ఖాళీ అయిన బండి మీదికి ఇద్దరు కుర్రాళ్ళు ఒక ఎర్ర పెట్టె ఎక్కిస్తున్నారు. రంగు పెచ్చులు లేచిపోయిన పాత పెట్టె.

"దీని రంగు తీసెయ్యి. తీశాక మైనం పట్టించకుండా నాకు కబురు చెయ్యి. నేను రావాలి."

"తెల్లకర్ర సొంతదారులకి చూపించను వదినా. ఒకసారి చూపించి పడిందే చాలు."

"నాకు చూపించు" అంది మాయ్‌షియాంగ్.

రున్‌షియన్ ఆ పెట్టె మీద చేసినంత మెత్తటి పని తన జన్మలో చెయ్యలేదు. ఉక్కు రేకు పక్కన పెట్టి, చాలాచోట్ల గోటితోనే గీకింది. కబురందగానే మాయ్‌షియాంగ్ బట్టీ నుంచి తిన్నగా వచ్చింది, చేతులైనా కడుక్కోకుండా. పెట్టె తెల్లగా, పాలిపోయి, ఆమె కాపురానికి తెచ్చుకున్న రోజు ఎలా ఉండేదో అలాగే ఉంది. మూలల్లో కుసులు వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చున్నాయి. మూత అంచు పిల్ల వేళ్ళకి గీరుకోకుండా గుండ్రంగా అరగదీసి ఉంది.

మాయ్‌షియాంగ్ ఆ అంచు మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి జరిపింది. తర్వాత నేల మీద చతికిలబడి పెట్టెను రెండు చేతులా పట్టుకుంది.

"ఎంత బాగా చేశావు నాన్నా" అంది. "ఎవరూ చెప్పలేదు నీకు. నేనూ చెప్పలేదు."