బావగారి మూట

మా బావగారు, అంటే మా వారి అన్నగారు, ముప్పై ఏళ్లు గిడ్డంగిలో స్టోర్‌కీపరుగా చేశారు. చీపురు కావాలన్నా చీటీ మీద సంతకం ఉండాల్సిందే. ఏ వస్తువైనా ఒకటి వాడకంలో ఉంటే ఇంకొకటి నిల్వలో ఉండాలి. రిటైరయ్యాక గిడ్డంగి పోయింది గానీ, ఆ చాదస్తం ఆయన వెంటే ఇంటికి వచ్చేసింది.

మా వారు ప్రతి ఆదివారం ఊరి పక్క కొండ ఎక్కేవారు. చేతిలో నీళ్ల సీసా, భుజాన తువ్వాలు, అంతే. "ఒక్కసారి రా అన్నయ్యా" అని పిలిచినప్పుడల్లా బావగారు "సామాను సమకూరనీరా" అనేవారు. అది పదకొండేళ్లు సమకూరుతూనే ఉంది. ఈలోగా మా వారు కన్నుమూశారు. కొండ మీద తమ్ముడు కూర్చునే బండ దాకా ఒక్కసారైనా వెళ్లాలని బావగారికి అప్పుడు పట్టుకుంది.

కొండ నడక జట్టుకు పెద్ద, ఉద్యోగం మానేసిన ఒక నర్సు. అందరూ కొండక్క అంటారు. మూట ఐదు కిలోలు దాటితే ఆమె అడుగు వేయనివ్వదు. మొదటి వారం బావగారి మూట పదకొండు తూగింది. రెండో వారం తొమ్మిది. రెండుసార్లూ కింద నుంచే వెనక్కి పంపేసింది. వానలు పడితే దారి మూసేస్తారు. ఇక మిగిలింది ఈ ఆదివారమే.

శనివారం హాల్లో దుప్పటి పరిచి అన్నీ పేర్చారు. స్వెట్టర్లు రెండు, గొడుగులు రెండు, టార్చిలు రెండు, అవి వెలగకపోతే కొవ్వొత్తులు.

"పొద్దున్నే ఎక్కి పదింటికల్లా దిగేస్తాం కదండీ, టార్చి ఎందుకు బావగారూ?"

"గ్రహణం పడితే?"

"రెండో గొడుగో?"

"ఎవరైనా అడిగితే లేదనగలమా అమ్మా?"

వంటింట్లోంచి మా తోడికోడలు అందుకుంది. "అన్నిటికీ రెండోది ఉంది. పెళ్లానికి మాత్రం పెట్టుకోలేదు. నా అదృష్టం."

తెల్లారి ఆయన వెంట నేనూ బయల్దేరాను. కొండ కింద మూట నాలుగు కిలోల ఎనిమిది వందలు తూగింది. కొండక్క ముందు కాటా వైపు, తర్వాత ఆయన వైపు చూసింది. తీసేసిన బట్టలన్నీ ఒంటి మీదే ఉన్నాయి. మూడు చొక్కాలు, రెండు స్వెట్టర్లు, రెండు ప్యాంట్లు, పైన రెయిన్‌కోటు. చేతులు కిందికి దిగడం లేదు.

"ఏంటి సార్, ఒక్క వారంలో ఇంత ఒళ్లు చేశారు?"

"మూటకే కదమ్మా రూలు. మనిషిని తూచమని లేదుగా."

రూలు తనదే కాబట్టి కొండక్క దారి వదిలింది.

రెండో మలుపు దగ్గర బావగారు కూలబడిపోయారు. చెమట ధారగా కారుతోంది. "ఇక్కడి నుంచి దిగిపోండి సార్" అంది కొండక్క. ఆయన నావైపు తిరిగారు.

"వాడు ఏం వేసుకుని ఎక్కేవాడమ్మా?"

"ఇంట్లో తిరిగే చొక్కానే."

బావగారు రెయిన్‌కోటు విప్పి ఓ పొద మీద ఆరేశారు. తర్వాతి పొద మీద స్వెట్టరు. ఇంకో మలుపులో మూట కూడా చెట్టు కింద దించేశారు, ఎవరి సంతకమూ అడగకుండా. పై ప్యాంటు విప్పేటప్పుడు ఆడవాళ్లం అందరం ఆకాశం చూశాం. బండ చేరేసరికి బనీను, ఒక ప్యాంటు మిగిలాయి.

పైన గాలి వణికించేలా ఉంది.

"ఇక్కడ ఏం చేసేవాడమ్మా వాడు?"

"ఏం చేసేవారు కాదట బావగారూ. ఊరికే కూర్చునేవారట."

ఆయన బండ మీద ఒక పక్కకు జరిగి, ఇంకో మనిషికి చోటు వదిలి కూర్చున్నారు. పళ్లు టకటకలాడుతున్నాయి.

"జలుబు చేస్తుంది సార్, దిగుదాం" అంది కొండక్క.

"మీరు పదండమ్మా. నేనింకాసేపుంటాను."