మా బైబిల్లో లేని జేమ్స్

సికింద్రాబాద్‌లో ఒక క్రైస్తవ యూనివర్సిటీలో బీకాంలో చేరాను. అక్కడ ఏ మతం వాళ్లయినా బైబిల్ క్లాసుకు కూర్చోవాల్సిందే. మా అమ్మ బొల్లారంలో సండే స్కూల్ టీచర్. ఉయ్యాల్లోనే వాక్యం విన్నదాన్ని, నాకెందుకీ క్లాసని ఆ పాఠం చెప్పే సార్‌ని మినహాయింపు అడిగాను.

"అయితే జేమ్స్ ఎవరో చెప్పమ్మా, వెళ్దువుగాని," అన్నారాయన.

ఇంట్లో తెలుగు బైబిల్ అట్ట నుంచి అట్ట దాకా చదివాను. జేమ్స్ ఎక్కడా తగల్లేదు.

"బైబిల్లో ఆ పేరు గలవాళ్లెవరూ లేరు సార్," అన్నాను తర్వాతి క్లాసులో, ధీమాగా.

క్లాసంతా గొల్లున నవ్వింది. నా పక్కనే కూర్చునే షాహీన్‌ది మల్కాజ్‌గిరిలో మసీదు పక్కిల్లు. తను నా చున్నీ పట్టి లాగింది.

"మీ తెలుగు బైబిల్ల ఏసు శిష్యుడు యాకోబునే ఇంగ్లిష్‌ల జేమ్స్ అంటరే. పరీక్షకని నేను సుత చదివిన. జెర కూసో, పరేషాన్ చెయ్యకు."

కూర్చున్నాను. అందరికీ తప్పనిసరి అన్న ఆ క్లాసు అసలు ఎవరికి అవసరమో అప్పుడు తెలిసింది.

సాయంత్రం ఇంటికెళ్లి, జేమ్స్ ఎవరో తెలీక పరువు పోయిందని అమ్మ దగ్గర వాపోయాను. అమ్మ బియ్యం ఏరుతూ నిదానంగా అడిగింది.

"పోనీలేవే. ఇంతకీ ఆ జేమ్స్‌ది ఏ చర్చి?"

– ఎస్తేరు, బొల్లారం