మడవక్క మీద నా శాసనం

కరోనా సద్దుమణిగాక వచ్చిన మొదటి జూన్‌లో నన్ను బళ్ళారి ఆఫీసుకు నేరేటివ్ లీడ్‌గా వేశారు. వీడియో ఆటలు తయారుచేసే ఒక బెంగళూరు కంపెనీలో అప్పటికే నాకు చాలా ఏళ్ల సర్వీసు. సొంత ఊళ్లకు వెళ్లిపోయిన ఉద్యోగులు తిరిగి రామని మొండికేయడంతో యాజమాన్యం బళ్ళారిలో ఒక టైర్ల దుకాణం పై అంతస్తు అద్దెకు తీసుకుని చిన్న శాఖ తెరిచింది. నేను ఇక్కడివాణ్ణే కాబట్టి నన్ను పంపారు. మా రచయితల వరుసలో కింద రైటర్, దాని మీద సీనియర్ రైటర్, ఆపైన లీడ్. లీడ్ సంతకం లేనిదే ఒక్క మాట కూడా ఆటలోకి వెళ్లదు. ఆ సంతకంతో నేను చేసిన ఒక పాడు పని గురించి ఇప్పుడు రాస్తున్నాను.

మాకు అప్పగించింది ఒక ఫాంటసీ ఆటకు లోర్ రాయడం. లోర్ అంటే ఆటగాడు అడుగుపెట్టక ముందే ఆ లోకంలో జరిగిపోయిన చరిత్ర. అక్కడి దేవుళ్లు, వంశాలు, యుద్ధాలు, శాపాలు అన్నీ అందులోకి వస్తాయి. ఒక్కో పత్రం మూడు మెట్లు దాటాలి. రైటర్ రాస్తే డ్రాఫ్టు, లీడ్ దిద్దితే రివ్యూ, అందరూ ఒప్పుకున్నాక లాక్. లాక్ పడిందంటే పత్రం బొమ్మలు గీసేవాళ్లకూ గొంతు ఇచ్చేవాళ్లకూ వెళ్లిపోతుంది. ఆ తర్వాత బ్రహ్మ దిగివచ్చినా అక్షరం కదలదు. ఈ ఆటకు మా డైరెక్టర్ గారి ఆదేశం ఒక్కటే. దేవుళ్లు మంచివాళ్లూ కాకూడదు, చెడ్డవాళ్లూ కాకూడదు. ఆటగాడు ఎటూ తేల్చుకోలేక కాసేపు ఆగిపోవాలి.

ఇది నాకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాను. మూడు నెలల్లో ఏడుగురు దేవుళ్లను రాశాను. ప్రతి దేవుడికీ ఒక వరం, ఒక నేరం. అగ్నిదేవుడు చలిలో ఊరిని బతికించాడు, సొంత తమ్ముణ్ణి కాల్చేశాడు. చదువులతల్లి లోకానికి అక్షరం ఇచ్చింది, అబద్ధం కూడా తనే నేర్పింది. ఇలా ఏడు. మంచీ చెడూ సమంగా తూచి పోశానని నాకు నేనే భుజం తట్టుకున్నాను. బెంగళూరు వాళ్లు కూడా ‘చాలా బాగుంది ఎర్రిస్వామి గారూ’ అని రాశారు. ఆ మెయిల్‌ను ఇంట్లో చదివి వినిపించాను కూడా.

ఎనిమిదో దేవతను రాసే పని మారెక్కకు పడింది. మారెక్కది సిరిగేరి. తల్లి వరినాట్ల కూలీ. సెలవుల్లో తల్లితోపాటు మడిలో దిగుతూనే ఈమె ఎమ్మే పూర్తిచేసింది. మా ఆఫీసులో కాంట్రాక్టు మీద రైటర్‌గా చేరింది. ఒక దేవతను మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒక్కతే రాసి లాక్ చేయించుకుంటే పర్మనెంట్ ఆర్డరు వస్తుంది. పత్రంలో రెండో పేరు పడితే ఆ లెక్కలోకి రాదు, కాంట్రాక్టు ముగిసిన రోజే ఇంటిదారి పట్టాలి. ఈ నిబంధన నాకు బాగా తెలుసు. ఆమెకు చదివి చెప్పిందే నేను.

ఒక సోమవారం ఉదయం ఆమె డ్రాఫ్టు నా బల్ల మీదికి వచ్చింది. మూడే పేజీలు. దేవత పేరు మడవక్క. మడవ అంటే పొలంలోకి నీరు మళ్లించే గండి, ఈ వైపు రైతులందరికీ తెలిసిన మాట. రెండు ఊళ్ల మధ్య కాలువ తూము మీద ఆమె కూర్చుని ఉంటుంది. తూముకు ఒకే తలుపు. ఎగువ ఊరివాళ్లు మొక్కితే నీరు అటు వెళుతుంది, దిగువ ఎండుతుంది. దిగువవాళ్లు మొక్కితే ఎగువ ఎండుతుంది. ఆమెకు ఎవరి మీదా పగ లేదు, జాలీ లేదు. ఒకే రోజు ఒక ఊళ్లో ఆమెకు హారతి, ఇంకో ఊళ్లో శాపనార్థాలు. అంతా న్యాయంగానే ఉందనుకునే లోపల ఇంకో చిన్న సంగతి కనిపిస్తుంది. ఎగువ ఊళ్లో ఒక ఇంటివాళ్ల వంతు వచ్చినప్పుడు మాత్రం మడవక్క తలుపును ఒక జానెడు ఎక్కువ ఎత్తుతుంది. ఎందుకో ఎక్కడా రాయలేదు. ఆటగాడు దాహంతో ఎగువ ఊరికి వచ్చి, ఏమీ తెలియక మొక్కుతాడు. తర్వాత దారి అతణ్ణి దిగువ ఊరికి తీసుకెళుతుంది. అక్కడ బీటలు వారిన మళ్లు కనబడతాయి.

రెండో పేజీకే నా టీ చల్లారింది. మూడో పేజీకి ఒళ్లు మండిపోయింది. ఉన్నమాట చెబుతున్నాను, అది మెచ్చుకోలు కాదు, పచ్చి కుళ్లు. నా ఏడుగురు దేవుళ్లూ ఫ్యాన్సీడ్రెస్ పోటీలో నిలబడ్డ పిల్లల్లాగా తోచారు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల, చలివేంద్రం దగ్గర నీళ్లు తాగినంత సులువుగా రాసేసింది! తప్పు పడదామని మూడుసార్లు చదివాను. ఒక్కటీ దొరకలేదు. దొరక్కపోయేసరికి ఇంకా మండింది. ఎక్కడినుంచో ఎత్తి రాసిందని తేలితే బాగుండునన్న ఆశతో పిలిచి, ఇది ఎక్కడిదమ్మా అని అడిగాను.

“మా నాయన కాలవకాడ దినకూలీ లస్కర్ సార్,” అంది. “తూము తలుపు ఎత్తేది దించేది మా నాయనే. పొద్దున ఎగువోళ్లు కాళ్లు మొక్కుతాండ్రి. మాపటికి దిగువోళ్లు మా ఇంటి ముందర నిలబడి బూతులు తిడ్తాండ్రి. మా నాయన ఏమనకుండా రొట్టె తింటాండె. మా మేనత్త మడికి మాత్రం ఒక జానెడు ఎక్కువ ఎత్తుతాండె. అదీ నేను చూసినా. మంచోడా చెడ్డోడా అంటే నాకిప్పటికీ గొత్తు లేదు సార్.”

అరువు కాదు, సొంత సొత్తే. నా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. మరి నేను రాసింది ఎక్కడిది? బళ్ళారిలో పుట్టి పెరిగినవాణ్ణే. ఆ కాలువ గట్టు మీద బస్సులో కొన్ని వందలసార్లు వెళ్లినవాణ్ణే. నాకు ఒక్క లస్కరూ ఎందుకు కనబడలేదు? ఆ వారమంతా ఆమె ‘నమస్తే సార్’ అన్నప్పుడల్లా మొహం తిప్పుకున్నాను.

శుక్రవారం రివ్యూలో కూర్చుని ఒక శిలాశాసనం రాశాను. దిగువ ఊరి పొలిమేరలో ఒక రాయి, దాని మీద పదకొండు పంక్తులు. పూర్వం దిగువ ఊరివాళ్లు మడవక్క విగ్రహాన్ని దొంగిలించారనీ, ఆ పాపానికే నీరు ఆగిందనీ. భాష గంభీరంగా కుదిరింది. దేవత పాత్రకు లోటుగా ఉన్న కారణాన్ని నేను పూరించానని రివ్యూ పత్రంలో రాశాను. నిజానికి నేను చేసింది ఏమిటంటే, పత్రం చరిత్రలో, అంటే ఎవరేం రాశారో నమోదయ్యే చోట, నా పేరు ఎక్కించుకున్నాను. రచన: ఎర్రిస్వామి, మారెక్క. మా పద్ధతి ప్రకారం పై హోదా పేరు ముందు వస్తుంది. ఆ రెండు పేర్లు పక్కపక్కన పడితే ఆమె పర్మనెంట్ సంగతి ఏమవుతుందో తెలియదని నేను అనను. తెలుసు.

మారెక్క శాసనం చదివి నా బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

“దిగువోళ్లు తప్పు చేసినారని రాసినారు సార్. వాళ్లు చేసిన తప్పేంది? కాలవకు ఆఖర్న ఉండేదా?”

ఆటగాడికి కారణం కావాలమ్మా, కారణం లేకపోతే లోర్ కాదు అన్నాను. కాంట్రాక్టు మనిషి లీడ్‌తో ఎంతదూరం వాదించగలదు? సరే సార్ అని వెళ్లిపోయింది. ఆ రోజు నాకు మధ్యాహ్నం భోజనం రుచిగానే ఉంది. అది కూడా చెప్పాలి కదా.

లీడ్ స్థాయిలో ఏదైనా చేరిస్తే లాక్‌కు ముందు ప్లేటెస్ట్ పెట్టాలని నిబంధన. అంటే బయటి మనుషులను పిలిచి ఆడిస్తాం, రాసినవాళ్లం వెనక నిలబడి చూస్తాం. ఆడేవాళ్లు ఏమడిగినా నోరు విప్పకూడదు. చేర్పు ఉన్న ఆట ఒక గదిలో, లేని ఆట ఇంకో గదిలో. వచ్చినవాళ్లకు బొరుగుల ఒగ్గాణి, మిరపకాయ బజ్జీలు మా ఖర్చు.

మొదటి గదిలో కూర్చున్నది మోక నుంచి వచ్చిన టెంపో డ్రైవరు గాదిలింగప్ప. ఎగువ ఊళ్లో ఉత్సాహంగా మొక్కాడు. నీళ్లు గలగలమని పారాయి. దిగువ ఊరు చేరాడు. ఎండిన మళ్లు చూసి వేళ్లు ఆగాయి, అంతలో నా రాయి కనబడింది. పదకొండు పంక్తులూ బిగ్గరగా చదివాడు. “ఓహో, దేవర బొమ్మ దొంగిలించినారంటప్పా. అట్లయితే వీళ్లకు కావాల్సిందే” అని, ఇంకో బజ్జీ తీసుకుని ముందుకు నడిచిపోయాడు. ఆ ఊరిని మళ్లీ వెనుదిరిగి చూడలేదు. పక్కన నిలబడ్డ మారెక్క అదంతా చూసింది.

ఆమెను అక్కడే వదిలి నేను రెండో గదికి వెళ్లాను. అక్కడ కంప్లిలో బట్టలు కుట్టే జయమ్మ ఉంది. నడివయసు మనిషి, ఫోనులో రంగుల గోలీల ఆట తప్ప ఏదీ ఆడి ఎరగదు. ఆమెకు రాయి లేదు. దిగువ ఊరు చేరగానే ఆగిపోయింది.

“ఈడ ఇట్ల ఎండిపోయిందేంది?” కాసేపటికి ఆమే అంది. “ఆడ మొక్కింది నేనే గదా.” మెడ తిప్పి నన్నే అడిగింది. “నేను మొక్కినందుకేనాప్పా?”

నిబంధన ప్రకారం నేను పెదవి విప్పకూడదు. ఆమె తెర మీది మనిషిని వచ్చిన దారినే వెనక్కి నడిపించుకుంటూ తూము దగ్గరికి వెళ్లింది. మళ్లీ మొక్కే మీట తెర మీద వెలుగుతోంది. వేలు దాని దాకా తీసుకెళ్లి నొక్కలేదు. “ఇప్పుడు వాళ్లకిమ్మంటే వీళ్లు ఎండుతారు. ఏం పాడు పనమ్మా నీది” అని మడవక్కతో అంది. అది తిట్టో, ఓదార్పో నాకు తెలియలేదు. తర్వాత చేతిలోని కంట్రోలరు కింద పెట్టి, తాగడానికి నీళ్లు అడిగింది. గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు ఊరకే కూర్చుంది.

మూడు నెలలు తూచి తూచి నేను చేయలేనిది అక్కడ నా కళ్లముందు జరిగింది. నా దేవుళ్లను చూసి ఆటగాళ్లు ‘ఇంత మంచి, ఇంత చెడు’ అని పంచుకుని దాటిపోయేవారు. మడవక్క దగ్గర పంచుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మొక్కింది తామే. కారణం చెప్పగానే ఆటగాడికి భారం దిగిపోతుంది. నా శాసనం చేసిన పని అదే. కళ్లలో నిప్పులు పోసుకున్నవాడు చేసే పని.

సాయంత్రంలోగా ఏ ఆట లాక్ చేయాలో నేను తేల్చి చెప్పాలి. ఒక పావుగంట సేపు, రాయిని ఉంచేద్దామనే అనుకున్నాను. టెస్ట్ నివేదిక బెంగళూరు వెళుతుందన్న భయం కూడా నన్ను ఆ ఆలోచన నుంచి వెనక్కి లాగింది, అంతా మంచితనమే అని చెప్పుకోను. శాసనాన్ని తీసేయడానికి ఒక్క మీట చాలు, తీసేశాను. కానీ పత్రం చరిత్రలో పేరు పడితే చెరగదు. అది పోవాలంటే ఆ పేరు గలవాడే విడిగా లిఖితపూర్వకంగా చెప్పాలి. ‘మడవక్క అనే దేవత రచనలో నా పాలు లేదు’ అని రాసి సంతకం చేశాను. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు మొదలుపెట్టి కొట్టేశానో! పంపిన కాపీని మారెక్కకు ఇస్తే, చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. “సంతోషం సార్” అంది.

ఆమెకు ఆర్డరు వచ్చింది. ఆట వచ్చింది. ఆడినవాళ్లు మడవక్క గురించి ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ జానెడు ఎక్కువ ఎందుకని పేజీలకు పేజీలు రాసుకుంటారు. నా ఏడుగురి పేర్లు వరసగా చెప్పగలవాడు నేను తప్ప ఇంకొకడు ఉన్నాడో లేడో. పోయిన సంవత్సరం నేను రిటైరయ్యాక లీడ్ కుర్చీ మారెక్కకే ఇచ్చారు. ఆ కబురు విన్నప్పుడు మళ్లీ కుళ్లుకున్నాను. ఈ వయసులో అబద్ధం ఎందుకు?

ఆ వ్యవహారం నాకు నేర్పింది ఒక పని పద్ధతి మాత్రమే. ఆ తర్వాత రివ్యూకు వచ్చిన పత్రం నచ్చితే దిద్దాను, నచ్చకపోతే తిప్పి పంపాను. చదువుతుండగా ఒళ్లు మండితే మాత్రం కలం మూత తీసేది సంతకానికే, ఒక్క అక్షరం ముట్టుకోలేదు. మిగిలిన సర్వీసులో అలా నాలుగుసార్లు జరిగింది. అందులో మూడు మారెక్కవే.