బావిలో ఊట ఎవురు పడేసిరి?

దయ్యాలంటే నాకు భయం లేదు, కోపం ఉంది. ధర్మవరంలో మా వీధిలో ఎవరికి దయ్యం పట్టిందన్నా నేను వెళ్లి అడిగేది ఒకటే ప్రశ్న: "నిన్న ఏం తింటివి?" సగం దయ్యాలు అక్కడే దిగిపోయేవి. మిగతా సగం మర్నాటికి విరేచనాలతో దిగేవి. అటువంటి నేను ఇది రాస్తున్నానంటే మతి తప్పిందని అనుకోవద్దు. చూసింది చూసినట్టు రాస్తాను. ఎందుకు జరిగిందో మాత్రం నన్ను అడగొద్దు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. మగ్గం గుంతలో కూర్చుని పాత పేపర్లు చదివి తెలుగు నేర్చుకున్నాను. కన్నడం బస్సుల బోర్డులు చూసి వచ్చింది. చదువంటే నాకు గౌరవం. చదువు పేరుతో చేసే తమాషా చూస్తే ఒళ్లు మంట.

మా కూతురు ఉమ పెనుకొండ పక్కన ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరు. ఏడ్చే పిల్లను చంకన వేసుకుని, ఒక చేత్తో బోర్డు మీద రాస్తూ, ఇంకో మూల కొట్టుకునే ఇద్దరిని కంటి చూపుతో విడదీయగలదు. ఇరవై ఏళ్లుగా అదే పని. అట్లాంటిది, పిల్లలకు పాఠం ఎట్లా చెప్పాలో నేర్చుకోవడానికని ఉద్యోగం చేస్తూనే ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో చేరింది. దూరవిద్య. ఆదివారాలు హిందూపురంలో ఒక పాత బడి భవనంలో క్లాసులు. రాత పరీక్షలన్నీ గట్టెక్కింది. పరీక్షాధికారి ముందు పాఠం చెప్పి చూపించే పరీక్షలో తప్పింది!

ఎట్లా తప్పిందో వినండి. ఆదివారం బడిలో పిల్లలుండరు కదా. అందుకని తోటి టీచర్లే పిల్లల మాదిరి బెంచీల మీద కూర్చుంటారు. మీసాలున్న హెడ్మాస్టర్లు, మనవళ్లున్న టీచరమ్మలు, అందరూ చేతులు కట్టుకుని మూడో తరగతి. పైగా వాళ్లలో వాళ్లకు ఒక ఒప్పందం: నీ పాఠానికి నేను చెయ్యెత్తుతా, నా పాఠానికి నువ్వెత్తు. ఉద్దేశం మంచిదే. కిందటేడు ఉమ బావి పాఠం తీసుకుని "ఊట అంటే ఏమి?" అని అడిగిందో లేదో, బొజ్జ ఉన్న ఒక హెడ్మాస్టరు లేచి "భూమి పొరలలోని జలము రాతి సందుల గుండా వెలుపలికి వచ్చుట" అని అప్పజెప్పాడు. అందరూ చప్పట్లు. పాఠం అయిపోయింది. తప్పు చెప్పే పిల్లోడు ఒక్కడైనా లేకపోతే టీచరుకు పనేముంది? ఉమ సుద్దముక్క పట్టుకుని అట్లే నిలబడిపోయిందంట. "తెలిసినవారికే బోధించారు" అని ఫెయిలు చేశారు.

ఇంకొక్క అవకాశం మిగిలింది. అదీ పోతే మళ్లీ మొదటినుంచి చేరాలి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి. "నాకు చెప్పడం రాదేమో నాయనా. ఇన్నేళ్లూ ఆ పిల్లోళ్లకు ఏం చెప్పినానో ఏమో" అంది ఒకరోజు ఫోనులో. పని వచ్చినవాడికి పని రాదని నమ్మించే చదువు కూడా ఒక చదువేనా?

పరీక్ష రోజు ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండలో ఉమ టిఫిన్ క్యారియర్ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద వెనకాముందాడుతోంది.

"నేను రాలేను నాయనా. నువ్వు పో, హిందూపురం చూసుకోని రా."

"రావద్దులే పాపా. ఆ పాఠమేదో నేనే చెప్పొస్తా. మీసాలు నాకూ ఉండాయి."

నవ్వాపుకోలేక ఎక్కింది. ఎక్కించడం వరకే నా చేతిలో పని.

గేటు దగ్గర వాచ్‌మన్ మడకశిర వైపు మనిషి. "ఊట ఆయ్తా, తాతా?" అని పలకరించాడు. కన్నడంలో ఊట అంటే భోజనం. హిందూపురంలో తెలుగువాళ్లు కూడా ఆ పలకరింపుకు తడుముకోకుండా జవాబిస్తారు. "నీళ్లు మాత్రం అడగొద్దప్పా. కొళాయి రాలేదు. ఎనక బావి నేను ఈడ చేరకముందే ఎండిపాయె" అని కూడా చెప్పాడు. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

నన్ను లోపలికి రానివ్వలేదు. వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను. ఉమ క్యారియర్‌ను కిటికీ గట్టు మీద పెట్టింది. రాగి సంగటి, అందులోకి చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి.

"దీని మీద చెయ్యి తీయొద్దు నాయనా. ఈడ కుక్కలు జాస్తి."

పెట్టిన చెయ్యి పెట్టినట్టే పెట్టి లోపలికి చూశాను. పరీక్షాధికారి నా మనవడి ఈడువాడు. ఉమ బావి బొమ్మ తగిలించింది. "బావిలో ఊట ఉండాది. ఊట అంటే ఏమి?" అంది. అదే హెడ్మాస్టరు, అదే బొజ్జ, పైకి లేచింది. "భూమి పొరలలోని జలము..."

ఉమ ముఖం పాలిపోయింది. ఆ సాయం చేసే చేతిని విరిచేయాలనిపించింది నాకు.

అప్పుడు ఆఖరి బెంచీలో ఒకాయన లేచాడు. బక్కపలచని నడివయసు మనిషి. గొంతుదాకా బొత్తాలు, నూనె పెట్టి తీసిన పక్క పాపిడి. చేతులు కట్టుకునే అడిగాడు.

"టీచరమ్మా, బావిలో ఊట ఉండాదంటివి కదా. దాన్ని ఎవురు పడేసిరి?"

గదంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. జవాబు కోసం నిజంగానే చూస్తున్నాడు.

ఉమ కూడా నవ్వలేదు. నిలబడిన తీరు మారిపోయింది. బోర్డు ముందున్న అరుగు దిగి నేరుగా ఆయన బెంచీ దగ్గరికి వెళ్లింది. పరీక్షాధికారి అనేవాడు ఒకడున్నాడన్న సంగతే మరిచిపోయింది.

"మీ ఇంట్లో అన్నాన్ని ఊట అంటారా అప్పా?"

"ఊ."

"ఆ ఊట యాడ ఉంటాది?"

"తట్టలో."

"అన్నం తట్టలోకి యాడినుంచి వచ్చె?"

"చేనులోనుంచి."

"చేనికి నీళ్లు?"

ఆయన బావి బొమ్మ వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ముఖం విచ్చుకుంది. "ఓ! ఈ ఊట ఉంటేనే ఆ ఊట!"

"అదే. రాయికి చెమట పోసినట్ల బావి అడుగున ఊరేది ఈ ఊట. ఇది ఎండితే అది కూడా ఉండదు." ఆమె ఆయన ముఖంలోకి వంగి చూసింది. "పొద్దన్నుంచి ఏమన్నా తింటివా నువ్వు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తినకుండా బడికి రావచ్చునా? కిటికీ కాడ నా క్యారియర్ ఉండాది. పోయి తిని, కడిగి పెట్టు."

పల్లెలో ఆకలితో వచ్చిన ప్రతి పిల్లోడికీ ఉమ చెప్పే మాట అది. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. ఆయన చిటికెన వేలు చూపించాడు. పొమ్మని తలూపింది. వెనక తలుపులోంచి వెళ్లాడు. గది మళ్లీ గొల్లుమంది. ఈసారి పరీక్షాధికారి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. నేనూ కొట్టాను.

కొట్టి చూసుకుంటే కిటికీ గట్టు మీద క్యారియర్ లేదు.

లోపల పరీక్షాధికారి "అంత బాగా నటించినాయనను పిలవండి, అభినందించాలి" అన్నాడు. ఎవరూ కదలలేదు. ధర్మవరం టీచర్లు ఆయన హిందూపురం బ్యాచి అనుకున్నారు. హిందూపురంవాళ్లు ధర్మవరం అనుకున్నారు. అందరూ కలిసి ఆయన పరీక్షాధికారి వెంట వచ్చినవాడనుకున్నారు. పరీక్షాధికారి ఎవరనుకున్నాడో చెప్పలేదు గాని, కర్చీఫ్ తీసి మెడ తుడుచుకున్నాడు.

అందరం పెరట్లోకి పోయాం. ప్రహరీ ఎత్తు. బయటికి పోను తలుపేమీ లేదు. పాయిఖానాకు తాళం. మధ్యలో బండ కప్పిన పాత బావి. ఆ బండ మీద మా క్యారియర్. గిన్నెలు కడిగి, వరసగా బోర్లించి, మూతలు పక్కన ఆనించి ఉన్నాయి. ఉమ తన బడి పిల్లలకు నేర్పిన తీరు అచ్చం అదే. వాటినుంచి నీళ్లు కారుతున్నాయి.

అప్పుడు అందరి కళ్లూ ఎటు తిరిగాయనుకున్నారు? బావి వైపు కాదు. నా వైపు!

"ఆకలైతే చెప్పకూడదా నాయనా?" అంది ఉమ, మెల్లగా.

"పెద్దాయన కదా, పోనీలేమ్మా" అన్నాడు బొజ్జ హెడ్మాస్టరు. ఆ దయకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోనీలే ఏంది? ఊరుబిండి కారం నాకు పడక ఎన్నేళ్లాయెనో మా ఇంట్లో అడుగుపో! నా నోరు వాసన చూడు!" అని ఆయన ముఖం మీదికి ఊదాను. ఆయన వెనక్కి దుమికాడు. పరీక్షాధికారి కూడా దుమికాడు. "సరే, నేనే తింటి అనుకో. మరి దేంతో కడిగితి? ఎంగిలితోనా? కొళాయి లేదు, బావి లేదు!"

ఎవరి సీసాలో నీళ్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాచ్‌మన్ బండ సందులోంచి లోపలికి గులకరాయి వేశాడు. ఒట్టి రాతి మీద పడిన చప్పుడే వచ్చింది. "ఒట్టి బావే" అన్నాడు. అని గిన్నెలు చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

ఉమ పాసయింది. మంచి మార్కులే వచ్చాయి. తనకు చెప్పడం రాదన్న మాట మళ్లీ నోట రాలేదు. నేను ధర్మవరం చేరేలోగా కథ ఫోనులో ఇంటికి చేరిపోయింది. మా ఆవిడ గడపలోనే నిలబడి అడిగింది: "ఏం తింటివి ఆడ?" నలభై ఏళ్లు వీధికంతా నేను వేసిన ప్రశ్న అది.

పట్టా తీసుకోవడానికి మళ్లీ హిందూపురం పోయాం. ఉమ ఈసారి రెండు క్యారియర్లు తెచ్చింది. ఒకటి తీసుకెళ్లి బావి బండ మీద పెట్టింది. ఇదేం మూఢనమ్మకం అని అరిచాను గాని, లోపల సంతోషించాను. పరీక్ష అంటే పరీక్షే. నా మీద పడ్డ నింద తేలిపోవాలి. ఆమె ఆఫీసులో ఉన్నంతసేపూ బండ పక్కనే కూర్చున్నాను. మూత మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. ఎవరూ రాలేదు. తెరిచి చూస్తే సంగటి పెట్టింది పెట్టినట్టే ఉంది.

దాంతో దొంగ నేనేనని రుజువైపోయిందని మా ఆవిడ తీర్పు. పోనీ. ఆడవాళ్ల కోర్టులో అప్పీలు లేదు. గిన్నెల మీది నీళ్లు ఎక్కడివో ఆమె కూడా చెప్పలేదు, నేనూ చెప్పలేను.

నన్ను ఇప్పటికీ తొలిచేది తీర్పు కాదు. తిరుగు రైల్లో నేను గెలిచినట్టు "చూస్తివా, ఎవురన్నా వచ్చిరా?" అని అడిగితే, ఉమ పట్టా ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ అన్న మాట.

"నువ్వు చెయ్యి తియ్యందే ఆయప్ప ఎట్ల తింటాడు, నాయనా?"